1/70 ఊళ్లో లా పాఠం

ఇల్లందులో లా కాలేజీ గడప తొక్కనివాడికి కూడా ఏజెన్సీ భూముల బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టం నోటికొచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి భూమి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. అయినా రిజిస్టర్ కాని అమ్మకం కాగితాలు, సాదా బైనామాలు, రాసుకుంటూనే ఉంటారు. నలిగిన కాగితం, నాలుగు సాక్షి సంతకాలు, ఓ వేలిముద్ర.

నాకు గౌరవమున్న న్యాయాచార్యులు ఇలాంటి జీవితాల దాకా తరగతి గది దాటి వచ్చినవాళ్లు. మథుర అత్యాచార కేసులో సుప్రీంకోర్టు తీర్పును తప్పుబడుతూ 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, మరో ఇద్దరు కలిసి భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ తీర్పుపై లేచిన ఉద్యమమే 1983లో అత్యాచార చట్టాన్ని మార్పించింది. మన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మాడభూషి శ్రీధర్ చట్టాన్ని తెలుగు పత్రికల్లోకి తెచ్చారు, తర్వాత కేంద్ర సమాచార కమిషనర్ అయ్యారు. జర్నళ్లలో వచ్చే ఇంగ్లిష్ వ్యాసాలు పదోన్నతికి పనికొస్తాయేమో, బైనామా పట్టుకున్న మనిషికి తెలుగు పత్రికలోని కాలమే దిక్కు.

భూబదలాయింపు కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో లా విద్యార్థుల్ని ఓ వారం కూర్చోబెడితే, పరీక్షలో రాని ప్రశ్నలు చాలా వినిపిస్తాయి.