చీమకుర్తి నల్లరాయి

ఇల్లు కట్టునపుడు వంటయింటిని గూర్చిన మాట కడపట వచ్చును. చావడి యెంత వెడల్పుండవలెను, వీధి తలుపునకు ఏ కఱ్ఱ వాడవలెనని పెద్దలు నెలల తరబడి యోచింతురు. దినమున నాలుగైదు గంటలు మనము నిలిచియుండు వంటగట్టును మాత్రము మేస్త్రీకి వదలివేయుదురు. మామగారి కాలమున మా యింటను అట్లే జరిగినది. ఇప్పు డా గట్టును మార్చవలసివచ్చి, రాతికొఱకు చీమకుర్తికి పోయి వచ్చితిమి. ఆ ప్రయాణమున మేము చూచినదియు నేర్చినదియు సోదరీమణులకు ఉపయోగపడునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పాత గట్టు కడపబండ. అది సున్నపురాతి జాతి గనుక పులుపు సోకినచోట మెఱుగు పోవును. నిమ్మకాయలు కోయుచోటును, పులుసుగిన్నె దించుచోటును తెల్లబాఱి, మా అత్తగారి కాపురమంతయు ఆ బండమీద వ్రాసియున్నట్లుండెడిది. బండను ఇంకను కొంతకాలము భరింపవచ్చును గాని, దాని క్రింది అలమరలకు చెద పట్టినది. తొట్టి క్రింద నీరు కాఱి చట్రములు నానిపోయినవి. ఇక లాభములేదని గట్టును, అలమరలను ఒక్కసారే మార్చుటకు నిశ్చయించితిమి.

మావా రొక దుకాణమునుండి పటము తెచ్చిరి. అందు కాఫీగింజ రంగు తలుపులు, వానిపైని నల్లని రాయి. అంతయు ఒకే వస్తువువలె పొందికగా నున్నదని మురిసిరి. మాకును నచ్చకపోలేదు. అత్తగారు మాత్రము పటమును కంటికి దగ్గఱగా పెట్టుకొని చూచి, తిరిగి యిచ్చివేసి, "మీ యిష్టము నాయనా" అనిరి.

ఆ మాటలోని బరువు మాకు తెలియును. అత్తగారికి డెబ్బదిమూడేండ్లు. నీటికాసులచేత చూపు మందగించినది. మందు వేయుచున్నందున ఉన్న చూపు నిలిచినది గాని, పోయినది తిరిగి రాలేదు. తెలుపుమీద నలుపు, నలుపుమీద తెలుపు ఆమెకు బాగుగనే ఆనును. ఒకే ఛాయగల రెండు వస్తువులు ప్రక్కప్రక్కన నున్నచో ఏది యెక్కడ ముగిసినదో తెలియదు. క్రిందటి శ్రావణమున బంధువుల గృహప్రవేశమునకు పోయితిమి. వారి క్రొత్త వంటయింట నేలయు, తలుపులును, గట్టును ఒకే చీకటిరంగు. అత్తగారు పాలగిన్నెను గట్టుమీద పెట్టుచున్నా ననుకొని గాలిలో వదలిరి. పాలు చల్లాఱియున్నవి గనుక కాళ్ళు కాలలేదు. అందఱును ఫరవాలేదనిరి. కాని యొక పెద్దావిడ, "మీ కెందుకమ్మా యీ శ్రమ, హాలులో కూర్చుండరాదా?" అనగానే ఆమె ముఖము చిన్నబోయినది.

మా యింట తెల్లవాఱుజామున కాఫీ పెట్టునది నేటికిని ఆమెయే. మన వంటయిల్లును అట్లే యైనచో ఆమెకు హాలులోని కుర్చీయే గతి యగును. ఈ సంగతి మావారితో చెప్పుటకు రెండుమూడు దినములు జంకితిమి. చెప్పినపుడు వారు చాలసేపు మాటాడక, "అమ్మను కూడ తీసికొనిపోదము. రాతిని ఆమెయే ఎంచుకొనును" అనిరి.

సంక్రాంతి వెళ్ళిన తరువాత, బడికి సెలవైన రెండవ శనివారమున, ఒంగోలులో బస్సెక్కితిమి. చీమకుర్తి పడమటగా సుమారు 20 కిలోమీటర్లు, కర్నూలునకు పోవు బాటమీద నున్నది. పేర్నమిట్ట, సంతనూతలపాడు దాటుచుండగా ఇరువైపుల శనగచేలును, పొగాకుతోటలును, నడుమ నడుమ పొగాకు కాల్చు బ్యారన్లును కనబడెను. అత్తగారు కిటికీ ప్రక్కన కూర్చుండి, గాలినిబట్టియే ఊరు చెప్పుచు వచ్చిరి. చీమకుర్తి సమీపించుకొలది దారి రూపు మాఱినది. చెట్ల ఆకులమీద బూడిదరంగు దుమ్ము, పనికిరాని రాళ్ళను పోసిన గుట్టలు, ఒక్కొక్క రాతిదిమ్మనే మోసికొని నెమ్మదిగా కదలు లారీలు.

మావారియొద్ద చదువుకొన్న అబ్బాయి యొకడు అచట రాతికి మెఱుగుపెట్టు కర్మాగారమున పనిచేయుచున్నాడు. అతడు ముందుగా మమ్ము దూరమున నిలిపి గనిని చూపించెను. మెట్లుమెట్లుగా లోనికి దిగిన మహా కోనేరువలె నున్నది. వజ్రపుపొడి పొదిగిన పూసలను ఉక్కుతీగకు గ్రుచ్చి, రాతిచుట్టు త్రిప్పి, యంత్రమునకు తగిలింతురు. అది రాట్నపు మాలవలె తిరుగుచు, పైని నీరు పడుచుండగా, కొండను వెన్నవలె కోయును. తడిపి కోసినచో దుమ్ము అణగును. పొడిగా కోయుచోట్ల, ముక్కునకు గుడ్డ కట్టుకొన్నను, పనివారి ఊపిరితిత్తులకు హాని తప్పదు. మన గట్టుమీది మెఱుగులో ఎవరి ఊపిరి యెంత కలదో యని మనస్సు చివుక్కుమన్నది.

ఈ రాతిని వర్తకులు బ్లాక్ గెలాక్సీ గ్రానైటని పిలుతురు. భూగర్భశాస్త్రము తెలిసినవారు గ్రానైటు కాదు, గాబ్రో జాతి యందురు. కాటుకవంటి నలుపుమీద బంగారు పొడి చల్లినట్లు చుక్కలుండును. ఆ చుక్కలు బంగారము కాదు, బ్రాంజైటను ఇనుముగల ఖనిజపు రేకలు. కడపబండవలె దీనికి నిమ్మరసము వలనను, చింతపండు వలనను మచ్చ పడదు. ఇచటినుండి ఓడలెక్కి దేశదేశముల వంటయిండ్లకు పోవుచున్న రాయి యిదియే. ప్రక్క ఊరివారమైన మేము దానిని పుట్టినచోట చూచుట అదే మొదలు.

కర్మాగారమున పలకలు వరుసగా నిలువబెట్టియున్నవి. అద్దమువలె మెఱయుచున్న యొక పలకను అబ్బాయి బల్లమీద పెట్టించెను. అత్తగారు చేతిసంచిలోనుండి స్టీలు గ్లాసును, పొట్లములుగా కట్టితెచ్చిన బియ్యము, పసుపు, ఆవాలును తీసిరి. ఇవి తెచ్చినట్లు మాకును తెలియదు. పలకను చేతితో నిమిరి, "మెంతులు ఎవరు చల్లినారు?" అనుచు గోటితో ఏఱబోయిరి.

"మామ్మగారూ, అవి రాతిలోని చుక్కలండీ" అని అబ్బాయి నవ్వి, అంతలో ఏమి తోచెనో, తల వంచుకొనెను.

ఆమె గ్లాసుతో నీరు పోయుమనిరి. పోసితిమి. ఎండ పడిన ఆ మెఱుగుమీద నీ రెంతమేర పాఱినదో ఆమెకు తెలియలేదు. మయసభలో సుయోధనునంతవాడు నేలను చూచి నీరనియు, నీటిని చూచి నేల యనియు భ్రమించి నవ్వులపాలయ్యెనని చిన్ననాట మా నాయనగారియొద్ద చదువుకొంటిమి. సభలో ఒక్కనాడు జరిగినది కథ యైనది. వంటయింట దినమును జరిగినచో అది వృద్ధురాలి బ్రదుకగును.

అపుడు అబ్బాయి వేఱొక పలక తెప్పించెను. అదియు ఆ గనిదే గాని, చుక్కలు మిక్కిలి సన్నములు. అద్దపు మెఱుగు పెట్టక, తోలువలె చేతికి మెత్తగా తగులునట్లు బ్రష్షులతో రుద్దినారు. దీనిని లెదర్ ఫినిష్ అందురు. దానిమీద వెలుగు కంటిలోనికి కొట్టదు. అత్తగారికి బియ్యము కనబడెను, పసుపు కనబడెను, గ్లాసు కనబడెను. ఆవాలు కనబడలేదు. "ఆవాల నేల వెదకవలెను? పళ్ళెములో పోసికొందును" అనిరి.

ఇక తలుపుల వంతు. మావారు సంచిలోని కాఫీరంగు చెక్కముక్కను తీసి పలకయంచు క్రింద పట్టిరి. అత్తగారు పదడుగుల దూరమున నిలిచి, "అంచు ఎక్కడరా?" అనిరి. మేము తెల్లని తువాలును మడిచి అదేచోట పట్టితిమి. ఆమె తిన్నగా నడచివచ్చి, ఎవరి చేయియు పట్టకయే గ్లాసును పలకమీద పెట్టిరి. మావారు చెక్కముక్కను మారుమాటాడక సంచిలో వేసికొనిరి.

పొందిక యనగా అన్నియు ఒకే రంగుననుండుట యని అంతవఱకు తలచితిమి. పనిచేయు చేతికి ఏది యెక్కడ నున్నదో తెలియజెప్పునదే వంటయింటి పొందిక. దూరమునుండి వచ్చువారికి గట్టు వెనుక కనబడునది తలుపు. దగ్గఱ నిలిచి వంగినవారికి అంచు క్రింద కనబడునది నేల. కనుక గట్టు నలుపైనచో ఆ రెండును లేతగా నుండవలెను. గట్టు లేతదైనచో అవి ముదురుగా నుండవచ్చును. మా నేల అదృష్టవశమున లేతరంగు బేతంచెర్ల పలకలు. తలుపులకు మీగడరంగు ఎంచుకొంటిమి.

అబ్బాయి చెప్పిన మఱికొన్ని సంగతులు. తలుపు రంగు ముక్కను వెంట తీసికొనిపోయి, రాతిప్రక్కన, ఎండలోను నీడలోను పెట్టి చూడవలెను. తడిసిన రాయి అసలుకన్న ముదురుగా కనబడును, ఆఱినపిమ్మటనే ఎంచవలెను. తెల్లని గుడ్డతో గట్టిగా తుడిచినపుడు నలుపు అంటినచో రాతికి రంగు పూసినారని గ్రహింపవలెను. రెండు పలకలు కావలసినచో ఒకే దిమ్మనుండి కోసినవానిని అడుగవలెను. అలమరలు నిలిపిన తరువాతనే రాతికి కొలత తీయవలెను. తొట్టి క్రింద నీటికి ఓర్చు ప్లైవుడ్డే వాడవలెను, దానిపై ఐ.ఎస్. 710 అను ముద్ర యుండును. రాతియంచు తలుపులకన్న ఒక అంగుళము ముందునకు వచ్చి గుండ్రముగా నుండవలెను, అంచు క్రింద సన్నని గాడి తీయించినచో నీరు తలుపులమీదికి జాఱక నేలబడును.

గట్టు అమరి మూడు నెలలైనది. మీగడరంగు తలుపులమీద ప్రతి మరకయు కనబడును. కాఫీ డికాక్షను చుక్కలను, పసుపు వ్రేళ్ళ గుర్తులను దినమును తుడువవలసివచ్చుచున్నది. ఇది మాకు పెరిగిన పనియే, దాచుట యెందుకు? కాని తెల్లవాఱుజామున మేము కన్ను తెఱచునప్పటికి ఫిల్టరు మూత చప్పుడు వినబడును. పాత కడపబండను పాఱవేయలేదు. పెరటిలో తులసికోట ప్రక్కన పఱపించితిమి. సాయంకాలము అత్తగారు దానిమీద కూర్చుండి, ఏ మచ్చ ఏనాటిదో మా అమ్మాయికి చెప్పుచుందురు.