వరుస సంఖ్య గల బాతు

పారిస్‌లో సేన్ నది ఒడ్డున, నోత్ర్‌దామ్ చర్చికి ఎదురుగా ఉన్న లా తూర్ దార్జాన్ భోజనశాలలో 1890 నుంచి ప్రతి బాతుకూ వరుస సంఖ్య వేసి, ఆ సంఖ్య గల కార్డును అతిథి చేతికిస్తున్నారు. 2003లో ఆ లెక్క పది లక్షలకు చేరింది. సగం వేగిన బాతు రొమ్మునూ కాళ్లనూ కోసి తీశాక, మిగిలిన ఎముకల గూటిని వెండిలా మెరిసే మరలో పెట్టి పిండి, కారిన రక్తాన్నీ మూలుగనూ కోన్యాక్ అనే ద్రాక్ష బ్రాందీతో కలిపి, సన్నని సెగపై అతిథి కళ్లెదుటే చిక్కబరుస్తారు. వంటగది చాటున జరగవలసిన ఇంతటి మొరటు పనిని తెల్లని బల్లగుడ్డల నడుమ వేడుకగా నిలిపినవాడు ఆ భోజనశాలను నడిపిన ఫ్రెదెరిక్ దెలేర్, కార్డుల పద్ధతీ ఆయనదే. అక్కడి అతిథి వెల చెల్లించేది రుచికన్నా ఆ ప్రదర్శనకూ, రాజులు కూడా ఉన్న ఆ వరుసలో దక్కే చోటుకూ అనడం అన్యాయం కాదు. ఏమంటే, నిప్పులపై కాల్చి రెండో వడ్డనగా తెచ్చే కాళ్లు ఎంత రుచిగా ఉన్నా, వాటిని గురించి మాట్లాడేవారు అరుదు.