మంచె మీద నుంచి మాట

జూన్‌లో అన్నీ బాగానే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు సెలవు పెట్టి ఊరొచ్చాడు. అప్పుడే మొలకెత్తిన మొక్కజొన్న చేలో నేల తేమను కొలిచే వైర్‌లెస్ సెన్సర్ పాతాడు. ఆరొందల మీటర్ల దూరంలోని ఇంట్లో రిసీవర్ పెట్టి నాన్న ఫోన్‌కి కలిపాడు. అంకెలు టకటకా వచ్చాయి. 'ఇక రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని చేనికి పోనక్కర్లేదు నాన్నా' అన్నాడు. తండ్రి మోకాలికి ఆపరేషనై అప్పటికి నాలుగు నెలలే.

ఆగస్టు వచ్చేసరికి ఆ పెట్టె మూగబోయింది. అసలే పూతకొచ్చే సమయం. ఆ కొద్ది రోజులూ తడి చాలకపోతే కంకిలో గింజ కట్టదు. పెద్దాయన ఊరుకుంటాడా? ఓ రాత్రి చేనికి బయల్దేరి, గట్టు మీద జారిపడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. కానీ అమ్మ ఫోన్లో ఆ సంగతి చెప్పాక కొడుక్కి నిద్ర పట్టలేదు.

శనివారం తెల్లారేసరికి ఊళ్లో దిగాడు. బ్యాటరీలు మార్చాడు. లాభం లేదు. ఇంకా పవరున్న పెట్టె కొందామా అని ఆలోచిస్తుంటే తండ్రి నవ్వాడు.

'నువ్వు పెట్టినప్పుడు చేను జానెడు లేదు. ఇప్పుడు నన్ను మించింది. ఆ పెట్టె కింద కూచుని అరిస్తే ఎవరికి వినపడుద్ది? జొన్నచేలో మంచె ఎందుకు కట్టేవాళ్లంరా?'

అసలు కిటుకు అదే! మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల 865-868 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. దానికి బెత్తెడు యాంటెన్నా చాలు. ఆ సెన్సర్ పంపేది వాట్‌లో 40వ వంతు శక్తి మాత్రమే. పచ్చి ఆకుల నిండా నీరే. ఆ నీరు రేడియో తరంగాల్ని తాగేస్తుంది. నేలబారుగా బయల్దేరిన సిగ్నల్ చేను దాటేసరికే నీరసించిపోతుంది. యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి కనపడితే సరిపోదు, ఆ దారి చుట్టూ కూడా కాస్త ఖాళీ ఉండాలి.

పదిహేనడుగుల వెదురు బొంగు తెచ్చారు. ఇనుప గొట్టమైతే పక్కనున్న యాంటెన్నాకే అడ్డం. సెన్సర్‌ని వేళ్ల దగ్గరే ఉంచి, పెట్టెను మాత్రం బొంగు చివరకు కట్టారు. పొడిగించింది సెన్సర్ తీగని... యాంటెన్నా తీగని కాదు. అది పొడవయ్యేకొద్దీ సిగ్నల్ తీగలోనే తరిగిపోతుంది.

ఇంటి దగ్గర అమ్మ తన ఫోన్లో మాట్లాడుతూ, నాన్న ఫోన్లో అంకె చదువుతోంది.

'మైనస్ 114 అని వచ్చిందిరా. మైనస్ అంటే అప్పేనా?'

'అలాంటిదేనమ్మా. ఎంత తగ్గితే అంత మంచిది.'

బొంగు నిలబెట్టాక 103 అయింది. పది తగ్గిందంటే అందే బలం పదింతలైనట్టే. ఇంటికొచ్చి చూస్తే రెండో తప్పు దొరికింది. రిసీవర్‌ని ఇనుప బీరువాకీ గోడకీ మధ్య, కనపడకుండా దాచింది తనే. పైగా దాని యాంటెన్నా అడ్డంగా పడుకుని ఉంది. చేలో ఉన్నది నిలువుగా, ఇంట్లోది అడ్డంగా ఉంటే సిగ్నల్ సరిగా అందదు. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డాబా పిట్టగోడ మీదికి మార్చి, నిటారుగా నిలబెట్టాడు. మైనస్ 86!

కొత్త పెట్టె కొనలేదు. ఖర్చల్లా ఒక వెదురు బొంగు, కాస్త తీగ.

ఆ రాత్రి ఒంటిగంటకు పెద్దాయన అలవాటుగా లేచాడు. టార్చి కోసం చెయ్యి చాపి, ఆగి, ఫోన్ చూశాడు. నేలలో తడి ఉంది. మళ్లీ నడుం వాల్చాడు.

పొద్దున్నే బస్సెక్కుతున్న కొడుకుతో ఒక్కమాటే అన్నాడు. 'వచ్చే ఏడు విత్తనం వేసిన రోజు చూసి కట్టమాకు. కంకేసేనాటి ఎత్తు లెక్కేసుకుని కట్టు.'