చెప్పడం వరకే

ఆస్కార్ లోర్ 1868లో రాయపూర్ వచ్చి సత్నామీ సమాజం మధ్య సువార్త పని మొదలుపెట్టాడు. సరిగ్గా నూరేళ్లకు, 1968లో, బలవంతంగానో ప్రలోభపెట్టో మతం మార్చడాన్ని నిషేధిస్తూ మధ్యప్రదేశ్ మత స్వాతంత్ర్య చట్టం వచ్చింది. దాని కింద కేసు ఎదుర్కొన్న రెవరెండ్ స్టానిస్లాస్‌ది రాయపూరే. 1977లో సుప్రీంకోర్టు తేల్చేసింది: మతాన్ని ప్రచారం చేసుకోవచ్చు, ఎదుటివాణ్ణి మార్చే హక్కు మాత్రం లేదు.

ఆ తీర్పు నాకు కష్టంగానే ఉంటుంది. అయినా, మనసు మార్చేది పరిశుద్ధాత్మే అని నమ్మేవాళ్లం, ఆ పని మన నెత్తినెందుకు వేసుకోవాలి? పక్కింటామెకు జ్వరమొస్తే గంజి కాచి ఇస్తాం. దానికి షరతు పెడితే చట్టం ప్రలోభం అంటుంది. అందులో చట్టానిది తప్పేం లేదు. కానీ ఆమే “ప్రార్థన చెయ్యండి అక్కా” అంటే? చేస్తాను. యేసు పేరు పెట్టి, గొంతు తగ్గించకుండానే.