అచ్చు లేని మంచం

స్వత్వం వస్తువులో ఉంటుందా, వస్తువును తనదనుకునే మనస్సులో ఉంటుందా అన్న విచారణ శాస్త్రగ్రంథాలకే పరిమితమని సాధారణంగా అనుకుంటాం. మల్కాపురంలోని ఒక ఇరుకు వీధిలో అదే ప్రశ్న ఒక భోగినాడు మురుగుకాలువ అంచున తలెత్తింది. ముప్పై ఏళ్లకు పైబడిన ఇరుగుపొరుగు స్నేహాన్ని నెల రోజులపాటు మౌనంలో ముంచింది.

ఓడరేవులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక గృహస్థుకు ఆ మార్గశిరంలో మాతృవియోగం కలిగింది. సంవత్సరీకం జరిగేదాకా ఆ ఇంట పండుగ లేదు. అయినా ఇల్లు కడగక తప్పదు. తల్లి చివరి రెండేళ్లు పడుకున్న టేకు పట్టెమంచాన్ని ఆయన భోగికి ముందురోజు బయటికి మోయించి, లోపల చోటు చాలక, గుమ్మం ముందరి కాలువ పలక మీద నిలబెట్టించారు. నేల ఆరేసరికి సాయంకాలమైంది. కాసేపు నడుం వాల్చిన మనిషికి నిద్ర పట్టేసింది.

భోగి ముందురాత్రి పిల్లలు వాకిళ్లలో దొరికిన కర్రసామాను మంటకు ఎత్తుకుపోవడం కోస్తా జిల్లాల్లో తరతరాల అల్లరి. బల్లలు, నిచ్చెనలు, గుమ్మానికి బిగించని తలుపులు ఎన్ని అలా బూడిదయ్యాయో లెక్కలేదు. అయితే ఈ వీధి కుర్రాళ్లు అడగకుండా ఏమీ ముట్టుకోలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న వృద్ధురాలిని, “మామ్మా, ఇది పారేసిందేనా?” అని అడిగారు. “పారేసిందేరా, పట్టుకుపొండి,” అన్నది ఆమె.

తెల్లవారుజామున మంట వెలుగులో ఆయన కంటపడింది మంచంకోడు. దాని మీద చెక్కిన పద్మం అప్పటికే సగం కాలింది.

“పిన్నిగారూ, అమ్మ మంచం ఎలా ఇచ్చేశారండీ?”

“కాలువ మీద పెట్టావు కదా బాబూ. పోయినవాళ్ల మంచం బయట పెట్టారంటే ఇంకెందుకనుకోను?”

ఆయన నలుగురి ముందూ, “అది మీ సొమ్మా?” అన్నారు. ఆమె మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట ఆమెకు ఎంత లోతుగా తగిలిందో తెలియాలంటే వెనకటి సంగతి ఒకటి చెప్పాలి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం, సమీపంలోని చమురుశుద్ధి కర్మాగారంలో వాయువు అంటుకుని పేలుళ్లు సంభవించాయి. సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయారు. చుట్టుపక్కల జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి కట్టుబట్టలతో పరుగుతీశారు. ఈ గృహస్థు కూడా తల్లిని వెంటబెట్టుకుని, తలుపు బార్లా తీసి ఉండగానే వెళ్లిపోయారు. రాత్రి డ్యూటీకి వెళ్లిన భర్త కోసం ఎదురుచూస్తూ వీధిలో చివరిదాకా మిగిలింది ఈ పిన్నిగారే. బయలుదేరేముందు ఎదురింటి తలుపు దగ్గరికి వేసి, తన దగ్గరున్న రెండో తాళం దానికి బిగించింది. తిరిగివచ్చి చూస్తే పొయ్యి మీది పాలగిన్నె కూడా పెట్టినచోటే ఉన్నది. విడిచిపోవడం వేరు, విడిచిపెట్టడం వేరు అన్న సూక్ష్మం ఆనాడు ఆమెకు ఎవరూ బోధించవలసిన పని లేకపోయింది.

భోగి తరువాత ఆయన గ్రంథాలు ముందేసుకున్నారు. జిజ్ఞాసతో కాదు, కోపంతో. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర, దానిని 13వ శతాబ్దంలో కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయం, మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం. శాస్త్రాన్ని వకీలులా చదివేవారికి మొదట తమ పక్షమే కనిపిస్తుంది. ఆయనకూ అలాగే కనిపించింది. యజమాని ఎవరో తెలియని ద్రవ్యాన్ని రాజు మూడేళ్లు భద్రపరచాలని మనువు విధించాడు. యాజ్ఞవల్క్యుడు ఆ గడువును ఒక సంవత్సరమన్నాడు. నాదని వచ్చినవాడు వస్తువు రూపాన్నీ సంఖ్యనూ సరిగా చెప్పి తీసుకోవాలి. దారిలో దొరికినంత మాత్రాన స్వత్వం నశించదన్నది స్పష్టం. సంవత్సరమెక్కడ, ఒక రాత్రి ఎక్కడ!

కాని పుటలు తిప్పిన కొద్దీ ఆయన పక్షం బలహీనపడింది. గౌతమధర్మసూత్రం స్వత్వానికి చెప్పిన కారణాలలో పరిగ్రహం ఒకటి. ఎవరిదీ కాని కట్టెలను, గడ్డిని స్వీకరించినవాడు వాటికి స్వామి అవుతాడు. మంచం నిజంగా త్యక్తమై ఉంటే కుర్రాళ్లు నిర్దోషులే. కనుక నిర్ణయమంతా త్యాగం జరిగిందా లేదా అన్నదాని మీదనే ఆధారపడి ఉంది. త్యాగమంటే ‘ఇది నాది కాదు’ అన్న మానససంకల్పమని మీమాంసకులు చెబుతారు. ఆ సంకల్పం ఆయన చేయలేదు. నిజమే. కాని చేయలేదని వీధికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఆయనకు వృషోత్సర్గం స్ఫురించింది. ప్రేతకర్మలో భాగంగా వృషభాన్ని విడిచేటప్పుడు పూర్వులు సంకల్పంతో సరిపెట్టలేదు. దాని పార్శ్వాలపై చక్రత్రిశూల చిహ్నాలు వేసి మరీ విడిచారు. ‘అచ్చోసిన ఆంబోతు’ అని తెలుగువారు తిట్టుగా వాడే మాటకు మూలం ఇదే. మనస్సులో జరిగిన త్యాగం ఊరివారి కంటికి కనబడదు. అందుకే చర్మం మీద ముద్ర. విడిచినదానికి అచ్చు ఉన్నది, విడువనిదానికి తాళం ఉన్నది. కాలువ పలక మీది మంచానికి ఈ రెండింటిలో ఏదీ లేదు. పైగా అది మృతురాలి మంచం, బయట నిలబెట్టిన చోటు అందరి దారి. ఆమె అనుమానప్రమాణంలో హేతువు బలంగానే ఉన్నది. దోషమల్లా, ప్రత్యక్షంగా అడిగే వీలు పది అడుగుల దూరంలో ఉండగా అనుమానంతో తృప్తిపడటం.

ఎందుకు అడగలేదు? భారతం శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథ ఈ సందర్భంలో ఆయన మళ్లీ చదివారు. అన్న ఆశ్రమంలో పండ్లు అడగకుండా తిన్న లిఖితుడు సుద్యుమ్నరాజు వద్దకు తానే వెళ్లి దండన కోరాడు. చేతులు పోగొట్టుకుని, బాహుదానదిలో తర్పణానికి దిగినప్పుడు తిరిగి పొందాడు. (ఆ పేరుగల ఏరు ఒకటి ఇచ్ఛాపురం పక్కనే పారుతున్నది, కాణిపాకం బాహుదకైతే స్థలపురాణం ఈ కథనే చెబుతుంది.) లిఖితుడిది లోభం కాదు. అన్నది తనది వేరు కాదన్న చనువు. పరాయివాడి తోటలో అయితే తప్పక అడిగి ఉండేవాడు. ఎదురింటామె కూడా పరాయి ఇంటి వస్తువు గురించి అయితే “వాళ్లనే అడగండిరా” అని ఉండేది. ఇక కథలో ఆయన్ను ఎక్కువసేపు నిలిపింది శంఖుడి మాట. తనకు తమ్ముడి మీద కోపం లేదని శంఖుడు చెప్పాడు. పాపం పోగొట్టుకొమ్మని పంపినవాడు నలుగురి ముందూ అవమానించలేదు.

అయినా ఆయన వెంటనే ఎదురింటికి వెళ్లలేదు. శాస్త్రం అర్థం కావడానికీ అడుగు ముందుకు పడటానికీ మధ్య ఎంత దూరమో ఆ రెండు గుమ్మాల నడుమ మూడు వారాలు తెలిసింది.

మాఘంలో ఒక సాయంత్రం ఆమే వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు. అందులో నల్లబడిన ఇనుపచీలలు. కనుమనాడు బూడిద ఎత్తకముందే ఏరి తెచ్చి అట్టేపెట్టిందట.

“ఇవి మీ మంచంవే బాబూ. ఉంచుకుంటావా, పారెయ్యమంటావా?”

ఆయన వాటిని అరచేతిలో పోసుకుని లెక్కపెట్టారు. నాలుగూ ఉన్నాయి.

“కూర్చోండి పిన్నిగారూ, కాఫీ తెస్తాను,” అని లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశారు. వేసింది ఆ కాలువ పలక మీదే.