తిరుగుదారికీ ఒక రోజు

మేడారం జాతర నాలుగు రోజులు. మాఘ శుద్ధ పౌర్ణమి వేళకు, బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుకుంటారు. గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు. శనివారం వనప్రవేశం. టీవీలు, పత్రికలు మొదటి మూడు రోజుల మీదే కెమెరాలు పెడతాయి. నాలుగో రోజుకు జాతర ముగిసిందన్న ఒక్క ముక్క చాలనుకుంటాయి. నాకు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నాలుగో రోజే ఎక్కువ అర్థమవుతూ వచ్చింది. నాలుగు రోజుల జాతరలో ఒక రోజును ఇంటికి పోవడానికే పెట్టారు మన పెద్దలు. పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి కాలినడకన తెచ్చిన పెనక వంశం పూజారులు మళ్ళీ ఆ అడవిదారినే వెనక్కి నడుస్తారు. ఆ పై బుధవారం తిరుగువారం పండుగ చేసుకుంటే గాని జాతర తీరినట్టు కాదు.

దేవతలకు ఉన్న ఈ తీరు వాళ్ళను చూడబోయే మనకు లేదు. పోయేటప్పుడు నెల ముందు నుంచీ లెక్కలు వేస్తాం. వచ్చేటప్పుడు బండెక్కి కూర్చుంటే ఇల్లు అదే వస్తుందనుకుంటాం.

మాది జనగామ వైపు మెట్ట ఊరు. అక్కడి నుంచి రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్, వరంగల్, ములుగు, పస్రా మీదుగా మేడారానికి 160 కిలోమీటర్ల పైమాటే. మా తాతల కాలంలో ఇదంతా ఎడ్లబండి మీదే. వెదురు బద్దలు వంచి బండికి గూడు కట్టేవాళ్ళు. లోపల వరిగడ్డి, దాని మీద గొంగడి, బండి కింద వేలాడే గంపలో కోళ్ళు, వెనక తాడుకు మొక్కు యాట. ఎద్దు రోజుకు ఇరవై అయిదు, ముప్పై కిలోమీటర్లకు మించి నడవదు. కాబట్టి పోను అయిదారు రోజులు, రాను అయిదారు రోజులు. తాత ఆగమన్నా ఆగకపోయినా ఎడ్లు ఆగేవి. వాటికి నీళ్ళు కావాలి, సొప్ప కావాలి, కాడి దించి మెడలు నిమరాలి. మనుషులు ఆ సందులో వండుకుని తిని పడుకునేవాళ్ళు. విశ్రాంతి ఎవరూ అనుకుని తీసుకున్నది కాదు, ఎడ్ల పుణ్యాన దొరికింది.

నా చిన్నతనం దాటేసరికి ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాయి. ఇప్పుడు కార్లు, డీసీఎంలు కూడా పెరిగాయి గాని, బంధుబలగమంతా ఒక్కచోట కూర్చుని పోవాలంటే మా వైపు ట్రాలీయే. చట్టం ప్రకారం వ్యవసాయ ట్రాలీ సరుకు మోయడానికే, మనుషుల్ని ఎక్కించకూడదు. ఆ సంగతి తెలిసే అందరూ ఎక్కుతారు. నాలుగు మూలలా ఇనుప పైపులు నిలబెట్టి, అడ్డకర్రలు కట్టి, నీలం పరదా కప్పుతారు. అడుగున మోకాలి లోతు గడ్డి, పైన జంఖానా. బియ్యం బస్తా, కట్టెలమోపు, నీళ్ళ డ్రమ్ము, గంజులు, సర్వలు ఒక పక్కకు. ముసలివాళ్ళను ఇరుసు మీదికి వచ్చే చోట కూర్చోబెడతారు, అక్కడ కుదుపు తక్కువ. తోక వైపు ఎగిరెగిరి పడేచోటు పిల్లలది. దాని కోసం వాళ్ళు కొట్లాడుకుంటారు కూడా.

ట్రాలీ సర్దేటప్పుడు బాపు ఒక మూటను విడిగా కట్టించేవాడు. అందులో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఒక సీసాలో నూనె, టార్చిలైటు, ట్యూబుకు వేసే ప్యాచీలు, ట్రాలీ హుక్కుకు వేసే ఇంకో పిన్ను. "ఇది మర్రొచ్చేటప్పటిది. జాతరల ఎవ్వలు ముట్టద్దు" అని గట్టిగా చెప్పేవాడు. జాతరలో ఉప్పు అయిపోయి పక్క గుడారం వాళ్ళను అడుక్కున్న రోజు కూడా ఆ మూట విప్పనివ్వలేదు. మా అవ్వ దానికి ఎంత సణిగేదో.

ఆయన పట్టుదల వెనక ఉన్న లెక్క నాకు స్టీరింగు పట్టాక అర్థమైంది. తిరుగుదారిలో బండీ మారిపోతుంది, మనిషీ మారిపోతాడు. పోయేటప్పుడు నిండుగా ఉన్న ట్రాలీ రోడ్డుకు అణిగి నడుస్తుంది. వచ్చేటప్పుడు బియ్యం, కట్టెలు, గడ్డి తీరిపోయి తేలికవుతుంది. ప్రతి గుంతకూ ఎగురుతుంది. లోపలివాళ్ళు ఎగురుతారు. మా ట్రాలీకి తన బ్రేకు తనకు లేదు. దిగుడు వస్తే వెనక నుంచి ట్రాక్టర్‌ను తోస్తుంది. ట్రాక్టర్‌కు కుడి చక్రానికో బ్రేకు పెడలు, ఎడమ చక్రానికో పెడలు. పొలంలో మళ్ళేటప్పుడు విడివిడిగా తొక్కుతాం, రోడ్డెక్కితే రెండింటినీ కలిపి గొళ్ళెం వేయాలి. అది మరిచి ఒక్కటే తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. ఇన్ని సంగతులు గుర్తుంచుకోవాల్సిన మనిషి ఆ పాటికి మూడు రాత్రులుగా సరిగ్గా కన్ను మూయనివాడు. జంపన్నవాగులో మునిగి, గద్దెల దగ్గర తోపులాటలో నలిగి, శుక్రవారం యాటను కోసుకున్నాక చుట్టాలతో రెండు గుక్కలు వేసి, తెల్లారగానే తాళంచెవి అందుకుంటాడు. అందరికంటే అలిసినవాడి చేతిలో అందరి ప్రాణాలూ పెట్టి మిగతావాళ్ళం గడ్డి మీద నడుం వాలుస్తాం.

జాతర వేళ ప్రైవేటు బండ్లకు పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. పస్రా, నార్లాపూర్ మీదుగా పోతాం. వచ్చేటప్పుడు బయ్యక్కపేట వైపు అడవిలోకి మళ్ళించి భూపాలపల్లి దగ్గర బయటికి పంపుతారు. బయ్యక్కపేట సమ్మక్క పుట్టిల్లని చెప్పుకుంటారు. అయినా ఇల్లు తొందరలో ఉన్నవాళ్ళెవరూ ఆ ఊరిని తలెత్తి చూడరు. అడవి దాటేదాకా బండ్లు ఒకదాని వెనక ఒకటి నత్తనడకన సాగుతాయి. అసలు ప్రమాదం అది దాటాకే. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం. పరకాల వైపు రోడ్డు మీద రాత్రీ పగలూ బొగ్గు లారీలు తిరుగుతుంటాయి. అంతసేపు ఆగి ఆగి వచ్చిన డ్రైవర్‌కు ఖాళీ రోడ్డు కనబడగానే కాలు బరువెక్కుతుంది, రెప్ప కూడా బరువెక్కుతుంది. మాఘమాసపు తెల్లవారుజామున మంచు దిగితే ముందు పోయే ట్రాలీ తోక లైటు లేకుండా ఉందని తెలిసేది దాని మీద పడ్డాకే.

ఒకసారి మా వెంట మహబూబాబాద్ వైపు నుంచి మేనత్త వాళ్ళ ట్రాలీ కూడా ఉంది. భూపాలపల్లి దాటేసరికి పొద్దుగూకింది. మా ట్రాక్టర్ తోలుతున్న చిన్నాయన కొడుకు పాటలు పెద్దగా పెట్టుకుని తల విదిలించుకుంటున్నాడు. బాపు దాన్ని చూసి బండి గణపురం వైపు తిప్పమన్నాడు. ట్రాలీలో గోల మొదలైంది. రాత్రికి రాత్రి ఇల్లు చేరొచ్చు, బర్రెలు కట్టుకొయ్యన ఉన్నాయి, ట్రాక్టర్ కిరాయి రోజు లెక్కన పడుతుంది, పిల్లలకు బడి ఉంది. ఒక్కటీ తప్పు మాట కాదు. బాపు అన్నీ విని, "ఎడ్లయితే ఇడుస్తుంటిమా లేదా?" అని మాత్రం అడిగాడు. మేనత్త ముందుగా దిగి పొయ్యికి రాళ్ళు వెతకడం మొదలుపెట్టింది.

కాకతీయ గణపతిదేవుని పేరు మోసే ఊరు అది. ఒక పక్క కోటగుళ్ళు, ఇంకో పక్క పెద్ద చెరువు. కరువు చూసిన జనగామ కళ్ళకు అంత నీరు చూడటమే సగం విశ్రాంతి. మూట అప్పుడు విప్పారు. పప్పు, అన్నం, పచ్చిపులుసు. తోలేవాళ్ళిద్దరూ తిన్నవెంటనే పడిపోయారు. మిగిలిన మేము పొయ్యి చుట్టూ కూర్చున్నాం. జాతరలో అంతమంది మధ్య ఉండి కూడా మాట్లాడుకోని మాటలు అక్కడ వచ్చాయి. గద్దెల దగ్గరి నుంచి తెచ్చిన బంగారం బెల్లాన్ని ఎవరింటికి ఎంతని మేనత్త ముద్దలు చేస్తుంటే, బాపూ చిన్నాయనా బావి నీళ్ళ వంతు గురించి మొదలుపెట్టారు. ఇంటి దగ్గర ఆ మాట ఎత్తితే గొంతులు లేచేవి. అక్కడ లేవలేదు. తెగలేదు కూడా, కానీ ఊరికి పోయాక కూర్చుని మాట్లాడుకోగలిగే దాకా వచ్చింది. తెల్లారి ఎండ పొడిచాక బండ్లు కదిలాయి. వరంగల్‌లో విడిపోయి ఎవరి దారిన వాళ్ళం పగటిపూటే ఇళ్ళకు చేరాం.

ఆ రాత్రి ఆగకపోతే ఏదో జరిగేదని నేను చెప్పను. ఏమీ జరగకపోయేదేమో. ఆగడం అనేది జరిగినదాన్ని బట్టి కొలిచే పని కాదని మాత్రం అక్కడ నేర్చుకున్నాను. ఎద్దు అలిసిందని మోర దించి చెబుతుంది. ఇంజను చెప్పదు. డీజిల్ ఉన్నంతసేపు అది నడుస్తూనే ఉంటుంది, తోలేవాడు కూడా దానితో సమానమని మనం నమ్ముతాం. ఎడ్లు పోయి ఇంజన్లు వచ్చిన రోజున ఆగే బాధ్యత మన మీద పడింది. ఆ సంగతి మనం గమనించలేదు.

ఆస్ట్రేలియాలో ఉండే మా బంధువుల అబ్బాయి ఒకడు కారు వెనక మడత గుడారం బండి తగిలించుకుని, పెళ్ళాం పిల్లలతో ఎర్రమట్టి ఎడారుల్లో తిరిగి వచ్చాడు. పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా పోయే స్టూవర్ట్ హైవే ఒక్కటే 2,700 కిలోమీటర్ల పైన. రెండు గంటలకోసారి ఆగమని అక్కడ డ్రైవర్లకు చెబుతారట. సెలవుల రోజుల్లో రోడ్డు పక్కన వాలంటీర్లు ఊరికే టీ, కాఫీ పోస్తారట. పొద్దుగూకితే కంగారూలు అడ్డం వస్తాయని చీకట్లో ఊరి బయట బండి నడపొద్దంటారట. వింటుంటే బాపు మాటలే విన్నట్టుంది. మన దగ్గర కూడా రూలు లేక కాదు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం జీతపు డ్రైవర్‌కు రోజుకు 8 గంటల పని అని ఎప్పుడో చెప్పింది. అయిదు గంటలకు మించి ఏకబిగిన తోలించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని కూడా చెప్పింది. సొంత ట్రాక్టర్ తోలే తమ్ముడి గురించి ఏ చట్టమూ ఇంట్లోకి వచ్చి అడగదు. అది ఇంటి పెద్ద అడగాలి.

కిరాయి మాట నిజమే. ఒక రోజు ఎక్కువైతే డబ్బు ఎక్కువ. కానీ ట్రాలీలో నాలుగైదు కుటుంబాలు ఉంటాయి. పంచుకుంటే మొక్కు యాట ఖర్చులో ఓ మూలకు రాదు. బర్రెల సంగతి పక్కింటివాళ్ళకు ఒక పూట అదనంగా అప్పజెప్పితే తీరుతుంది. కోటి మందికి పైగా వస్తారని అధికారులు అంచనా వేసే జాతర అది. అందరం ఒకే శనివారం, ఒకే రాత్రి ఇల్లు చేరాలనుకుంటే ఏ రోడ్డయినా ఎంత మోస్తుంది?

మొన్న 2026 జనవరి నెలాఖరులో జాతర అయింది, మళ్ళీ 2028లో. అప్పుడు ట్రాలీ సర్దేటప్పుడు తిరుగుదారి మూట ఒకటి విడిగా కట్టండి. వెనక రేడియం స్టిక్కర్లు, ఎర్ర లైటు ఉన్నాయో లేదో పోయేటప్పుడే చూసుకోండి. శుక్రవారం రాత్రి తోలేవాడి చేతికి గ్లాసు ఇవ్వకండి, పరుపు ఇవ్వండి. వెలుతురు ఉన్నంతవరకే రోడ్డు మీద ఉండండి, దారిలో ఒక రాత్రి ఆగండి. తోలేవాడు నిద్రపోయి లేచాకే బండి కదలాలి.