లెక్క లేని అప్పగింత

చాకలికి వేసిన బట్టలకు మన యిండ్లలో పద్దు వ్రాయుదుము. పాలవాడు పోసిన పాలకు గోడమీద గీతలు గీయుదుము. పనిమనిషి చేతికి వెండిగిన్నె నిచ్చిననాడు అది మరల అలమారలోనికి చేరువరకు మన కన్ను దానిమీదనే యుండును. బీదవారికి అప్పగించునప్పుడు మనకింత జాగ్రత్త కలదు. అధికారము గలవారు మన సొత్తును పట్టుకొనిపోవునప్పుడు మాత్రము జాబితా మాట మన నోట రాదు. అడిగిన నేమనుకొందురో యని భయము. ఆ చోటు విడిచి త్వరగా పోవలెనని సిగ్గు. ఈ భయమువలనను ఈ సిగ్గువలనను మేమొక పాఠము నేర్చుకొంటిమి. అది మాకు గౌరవము తెచ్చునది కాకపోయినను చదువరులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

గడచిన సంవత్సరము మా బంధువుల యింట నొక వివాహము జరిగెను. విందు ముగిసిన పిదప మా అన్నగారి కుమారుడు మా కారు తీసికొని ఒంటరిగా బయలుదేరెను. అతడు త్రాగియున్న సంగతి మాకు తెలియదని వ్రాసినచో అది అసత్యమగును. తెలిసియు, పెండ్లివారి యెదుట గొడవ యేలయని యూరకుంటిమి. దారిలో పోలీసులు ఆపి ఊపిరి పరీక్ష చేసిరి. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండగా బండి నడుపుట మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము. అతని లెక్క అంతకు చాల పైన నుండెను. కారు ఠాణాకు చేరెను. అతని చేతికి వచ్చిన రశీదులో కారు నంబరు, తేదీ, వేళ తప్ప మరేమియు లేదు. అతడు చదువకయే సంతకము చేసెను. బండిని ఆపుట న్యాయమే. ఆ రాత్రి ఏ బాటసారి ప్రాణమునో వారు కాపాడిరనియే మా నమ్మకము.

కాని కారులో మా మేనకోడలి సంచి యుండెను. పదవ తరగతి మొదలు బి.ఎడ్. వరకు ఆమె సంపాదించిన మూల ధ్రువపత్రములన్నియు అందులోనే యుండెను. ఉపాధ్యాయ నియామకమునకై వానిని ఆరవనాడు చూపవలసియుండెను. ఆ పిల్లకు తండ్రి లేడు. మా చెల్లెలు కుట్టుమిషనుమీద ఏండ్ల తరబడి పనిచేసి ఆమెను చదివించినది. నకళ్లు తెప్పించుకొనవచ్చును గాని అవి ఆరు దినములలో వచ్చునవి కావు.

మూడవనాడు కారును విడుదల చేసిరి. ఠాణా వెనుక ఖాళీ స్థలములో పట్టుబడిన బండ్లు వరుసలుగా నిలిచియుండెను. కొన్ని ఆటోలకు తీగలు అల్లుకొనియున్నవి. కొన్ని ద్విచక్రవాహనములకు చక్రములే లేవు. మా కారు తలుపు తెరచి చూడగా సంచి లేదు. వెనుక స్టెప్నీ లేదు, జాకీ లేదు. ఇంటికి వచ్చి, ఒక్కొక్కరు జ్ఞాపకము తెచ్చుకొని చెప్పుచుండగా తొమ్మిది వస్తువుల పట్టిక వ్రాసి మరల ఠాణాకు పోతిమి. అక్కడి రైటరు దానిని చదివి, “ఇవి కారులో నుండెననుటకు ఆధారమేమండీ?” యని యడిగెను. మాయొద్ద ఉత్తరము లేదు.

పైవారిమీద చూపలేని కోపము క్రిందివారిమీదికి దిగుట లోకములో సహజము. ఆ స్థలమునకు రాత్రి కాపలాయుండు ముసలివానిమీద మాకు అనుమానమని చెప్పితిమి. వెంటనే అతనిని పిలిపించిరి. మా యెదుటనే అతని సంచి, అన్నపు క్యారేజీ విప్పించిరి. అందులో చద్దియన్నము, పచ్చడి తప్ప మరేమియు లేవు. అతడు చేతులు జోడించి, “అయ్యగారూ, నన్ను బండ్లకు కాపలా పెట్టారు. బండ్లలో ఏముందో నాకెవరు లెక్క చెప్పి అప్పగించారండీ?” యనెను. ఆ మాటకును మాయొద్ద ఉత్తరము లేకపోయెను.

ఆ సాయంకాలము మా మిత్రులైన ప్లీడరుగారిని కలిసితిమి. వారు చెప్పినదాని సారాంశమిది. ఒకరి సొత్తు తిరిగి ఇచ్చు షరతుమీద మరియొకరి వశములో నున్నప్పుడు, వివేకముగల మనుష్యుడు తన సొంత వస్తువును చూచుకొనునట్లు దానిని చూడవలెనని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 151వ విభాగము చెప్పుచున్నది. ఈ బాధ్యత ప్రభుత్వమునకును కలదని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. జునాగఢ్ సంస్థానపు కస్టమ్సువారు పట్టుకొనిన రెండు లారీలు, ఒక స్టేషను వాగను ఆ వ్యాజ్యమునకు మూలము. ఆ బండ్లను పట్టుకొనుట చెల్లదని తేలునప్పటికే అవి అమ్ముడుపోయినవి. ఒప్పందము లేకున్నను, పట్టుకొనినవారు జాగ్రత్తగా కాపాడి తిరిగి ఈయవలసినదేయని కోర్టు నిర్ణయించెను. పట్టుబడిన బండ్లను ఠాణాలలో ఏండ్ల తరబడి కుళ్లబెట్టరాదని, పంచనామాయు ఛాయాచిత్రములును తీసి తగిన పూచీమీద విడువవలెనని 2002లో అదే న్యాయస్థానము చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ విభాగము సోదాలో స్వాధీనపరచుకొనిన వస్తువుల జాబితా వ్రాయుటను సైతము వీడియోలో నమోదు చేయవలెనని విధించుచున్నది.

“కనుక బ్రతిమాలవద్దు, బెదరింపవద్దు, ఎవనికిని చేయి తడుపవద్దు. కారు నంబరు, పట్టుకొనిన వేళ, విడిచిన వేళ, వస్తువుల గుర్తులు వ్రాసి అర్జీ యిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. రికార్డు చూపనిచో సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును, దానికి 30 దినముల గడువు” అని వారు సెలవిచ్చిరి.

ఆ రాత్రి అర్జీ వ్రాయుచుండగా మా చెల్లెలు ప్రక్కన కూర్చుండి, “అన్నయ్యా, ఈ తొమ్మిదింటిలో ఆ రోజు కారులో నీవు కన్నులార చూచినవెన్ని?” అనెను. లెక్కింపగా నాలుగు తేలినవి. తక్కినవి, ఉండియుండుననుకొనినవి. ఆమె ఇల్లంతయు వెదకెను. వెండి కుంకుమభరిణె పట్టుచీర మడతలలో దొరకెను. కండ్లజోడు పెండ్లివారింటనే యున్నదని ఫోనులో తెలిసినది. ఆ భరిణె కొరకే గదా ఆ ముసలివాని అన్నపు గిన్నె విప్పించితిమని తలచుకొనగా కలము సాగలేదు. తుదకు నాలుగు వస్తువులు మాత్రమే వ్రాసితిమి: సంచి, శాలువ, స్టెప్నీ, జాకీ.

మరునాడు అధికారి అర్జీ చదివి, ఆ రాత్రి పనిలోనున్న కానిస్టేబులును ఫోనులో విచారించెను. అతడు సెలవుమీద ఊరికి పోయియుండెను. కారు అద్దము సరిగా మూసుకొననందున, వానకు తడియునని సంచిని శాలువతో చుట్టి బీరువాలో పెట్టినానని అతడు చెప్పెను. బీరువా తెరచిరి, ఉన్నవి. దొంగ యనుకొనినచోట మాకొక ఉపకారి కనబడెను. అయినను ఆ ఉపకారము ఏ పుస్తకములోను ఎక్కలేదు గనుక ఇంచుమించు అపకారముగనే పరిణమించెను. స్టెప్నీ, జాకీ మాత్రము నేటివరకు రాలేదు. వాని విషయమై మా ఫిర్యాదు నిలిచియేయున్నది. మా మేనకోడలు ఆరవనాడు తన పత్రములను చూపగలిగెను.

పిదప కాపలావానియొద్దకు పోయి క్షమాపణ చెప్పితిమి. అతడు, “పోనీలెండి, మీ సామాను మీకు దొరికింది” అని ఊరకుండెను. అతనికి పోయినది మాత్రము మేము తిరిగి ఈయగలిగినది కాదు. పదిమందిలో అనుమానించి, ఒంటరిగా నున్నప్పుడు క్షమాపణ చెప్పుట సరికాదని తోచి, ఆ మాటనే ఠాణాలో అందరి యెదుట మరల చెప్పితిమి.

జాబితా యనగా ఎదుటివానిని అనుమానించుట యని మన యిండ్లలో నొక అభిప్రాయము కలదు. మేమును అట్లే తలచినవారమే. జాబితా లేనిచోటనే అనుమానము పుట్టునని ఇప్పుడు తెలిసికొంటిమి. లెక్క వ్రాసియున్నచో సొత్తు గలవాని మాట నిలుచును, కాపలావాని మానము నిలుచును, మేలుచేసినవాని మేలు తెలియును. కావున మీ బండిని ఎవరైనను స్వాధీనపరచుకొనునప్పుడు మర్యాదగా నిలిచి లోపలి వస్తువుల పట్టిక వ్రాయుమని కోరుడు. ఫోనుతో చిత్రములు తీయుడు. పత్రములను, మందులను, విలువగలవానిని అడిగి వెంట తెచ్చుకొనుడు. ఇరువురును సంతకము చేయుడు. ఇక త్రాగినవాని చేతినుండి తాళము లాగికొనుటకు జాబితా యక్కరలేదు, చట్టమును అక్కరలేదు. పెండ్లివారేమనుకొందురో యన్న భయమును ఒక్క క్షణము విడిచిన చాలును. ఆ రాత్రి మేము విడువనిది అదియే.